అడుగు తాకిన చేతిదే పేరు

తాడు పుస్తకం. రాస్తున్నది వంతల చిలకమ్మ, పదకొండేళ్ళుగా.

నమోదు 4117
గాలి పడమర నుంచి. మట్టం గుర్తురాయికి జానెడు కింద.

పొద్దున ఆరింటికి రేడియోలో పేర్లు చదివాను. నల్లిసుక, అలలు మోకాలెత్తు. పెంకుల మడుగు, నిమ్మళం. ఎర్రదిబ్బ, పొగమంచు, పడవలు తీయొద్దు. తర్వాత చోడిమడి, వెదురుమొదళ్ళు, బొగ్గులరేవు, గాజుముక్క, చలిరాయి. ఈ సరస్సు ఎనిమిది లోయల్లోకి ఎనిమిది చేతులు చాచుకుని ఉంటుంది. చేతికొక పేరు, ఆ చేతి ఒడ్డున ఒక ఊరు. గాజుముక్క చదివాక, చలిరాయి చదవబోయే ముందు, ఎప్పటిలాగే ఒక్క ఊపిరి ఆగాను. అది నడిమి నీటి వంతు. దానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని చదవలేం కాబట్టి ఆగుతాం. మా పెద్దమ్మ ఆగేది, ఆమె తర్వాత నేను.

కొండ కూలి నది ఆగిపోయి ఈ సరస్సు పుట్టి డెబ్భై ఒక్క ఏళ్ళయింది. అప్పటి నుంచీ మా పద్ధతి ఒకటే. తాడుకి గుండు కట్టి వదలాలి. గుండు అడుగున చిన్న గుంత, గుంతలో తేనెమైనం. అడుగు తాకి పైకొచ్చాక మైనానికి ఏది అంటుకుంటే దాన్నిబట్టి పేరు. నల్ల ఇసక అంటితే నల్లిసుక. మునిగిన ఇళ్ళ పెంకు అంటితే పెంకుల మడుగు. గాజుముక్క నిజంగానే గాజుముక్క, ఆకుపచ్చది, పెద్దమ్మ దాన్ని ఈ పుస్తకం అట్టలోనే కుట్టింది. తాకనిదానికి పేరు పెట్టకూడదు. ఏ నీటికి పేరు పెడుతున్నామో ఆ నీరు తాగే ప్రతి ఊరి తాడూ ఆ తాడులో ఉండాలి. ఈ రెండూ మొదటి పుట మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం యంత్రపు పడవ ఒకటి మనిషి లేకుండా వచ్చి కాగితం వదిలి వెళ్ళింది. పంపింది పటాల సంస్థ, ప్రభుత్వానికి మ్యాపులు గీసేది. ఈ సరస్సుకి నడిమి లోతున స్థానికులు పెట్టిన పేరేదీ లేదు కనుక దీన్ని "ఎవరిదీ కాని నీరు" కింద జమ చేస్తున్నారట. ఇకనుంచి దీని పేరు నిల్వ-17 అట. అభ్యంతరం ఉంటే స్థానిక ఆచారం ప్రకారం పదకొండో రోజు పొద్దుగుంకేలోగా పేరు పెట్టి చూపించాలట.

స్థానిక ఆచారం అంటే ఈ పుస్తకమే. పోయినేడు వాళ్ళే దీన్ని అడిగి తీసుకెళ్ళి నకలు తీసుకున్నారు. నేనే టీ ఇచ్చి మరీ పంపాను. నా తెలివి తగలెయ్య.

నిల్వ-17 అయితే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. సముద్రం మింగిన ఊళ్ళ జనమంతా చేరిన మిట్టపట్నానికి సొరంగం తవ్వి సిద్ధంగా ఉంచారు. తూము ఎత్తితే మట్టం నలభై బారలు దిగుతుంది. ఎనిమిది చేతులూ ఎండిపోతాయి. ఎనిమిది ఊళ్ళు బురద ముందు కూర్చుంటాయి.

కూర్చోం. ఇది రాసి పెడుతున్నాను.

నమోదు 4118
గాలి లేదు. మట్టం అంతే.

మా చెల్లెలి మొగుడు ఓలేటి గవరయ్య వలలు అల్లుతాడు. పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"వదినా, ఏదో ఒక పేరు రాసి పడేయరాదా? ఆరొందల మీటర్లు దిగి సూసొచ్చీవోడెవుడు?"

"ఎవుడూ సూడడు."

"మరింకేటి?"

"రాసిందాన్ని నాను కదా, నాకు తెలుస్తాది. డెబ్భై ఒక్క ఏళ్ళ పుస్తకంలో ఒక్క అబద్దం నేదు గవరయ్యా. దొంగపేరు రాస్తే ఈ నీళ్ళు మనవి కావని మనమే ఒప్పుకున్నట్టు."

అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే తాడేస్తావేటి? మీ పెద్దమ్మ వల్లే కానేదు."

పెద్దమ్మ వేసినప్పుడు ఐదు ఊళ్ళే తాళ్ళిచ్చాయి. మిగతా మూడు ఊళ్ళు చేపల రేవు గొడవలో మూతులు ముడుచుకుని కూర్చున్నాయి. ఐదు తాళ్ళు సగం లోతుకే అయిపోయాయి. ఈసారి ఎనిమిదీ ఇస్తాయి. ఇవ్వకపోతే, ఇచ్చేదాకా కదలకుండా వాళ్ళ గుమ్మాల ముందే వంట మొదలుపెడతానని రేడియోలో చెప్పాను. నవ్వారు. నేను నవ్వలేదు.

లెక్క ఇదీ. యంత్రాల లెక్కన నడిమి లోతు ఆరు వందల నాలుగు మీటర్లు. నా బార, అంటే రెండు చేతులూ చాపితే ఈ వేలికొస నుంచి ఆ వేలికొసకి, మీటరూ అరవై సెంటీమీటర్లు. అంటే మూడు వందల డెబ్భై ఏడున్నర బారలు. ఊరికి నలభై ఎనిమిది చొప్పున అడిగాను. మొత్తం మూడు వందల ఎనభై నాలుగు. ఆరు బారలు మిగులు.

నమోదు 4119
చిన్న వాన.

పటాల సంస్థ మనిషి దిగాడు. పేరు హేమాద్రి. ముప్పై ఏళ్ళుంటాయేమో. పడవ దిగుతూనే వాంతి చేసుకున్నాడు. చివరి రోజు దాకా ఇక్కడే ఉండి కళ్ళారా చూసి రాయాలట. వెంట ఒక పెట్టెడు నీళ్ళ సీసాలు తెచ్చుకున్నాడు. ఇంత సరస్సు ఒడ్డున కూర్చుని సీసాలోంచి తాగుతున్నాడు.

"నాకు మీమీద కోపం లేదు చిలకమ్మ గారూ. నిబంధన ప్రకారం జరిగితే మీ పేరే రాస్తాను."

"జరక్కపోతే?"

"అదీ రాస్తాను."

కనీసం మనిషి సూటిగా ఉన్నాడు. చాప ఇచ్చాను. దుప్పటి అడిగితే ఇవ్వలేదు. రెండు రాత్రులు పోయాక ఇస్తాను.

నమోదు 4121
గాలి తిరిగింది. ఈశాన్యం, విసురు ఎక్కువ.

ఈరోజు నా ఒళ్ళు మండిపోయింది. పెంకుల మడుగులో గవరయ్య పడవ తిరగబడింది. రేడియోలో అరిచాడు, "పెంకుల మడుగు, రెండో మలుపు, మునిగిపోతన్నాను" అని. చెప్పిన పేరు విని దానంతటదే వెళ్ళే రక్షణ యంత్రపు పడవ రేవులోనే ఉంది. అది కదల్లేదు. దాని గొంతు మాత్రం తీయగా పలికింది: "పేరు గుర్తించబడలేదు. నిల్వ-17లో మీ విభాగం సంఖ్య చెప్పండి."

పదకొండో రోజు దాకా గడువిచ్చి, అప్పుడే పాత పేర్లు తుడిచేశారు.

నేనూ మా చెల్లీ తెడ్లు వేసుకుని వెళ్ళాం. గంటన్నర పట్టింది. గవరయ్య తిరగబడ్డ పడవ వీపు మీద అంటుకుపోయి ఉన్నాడు, పెదాలు నీలం. పైకి లాగుతుంటే ఒక్కటే మాట, "విభాగం అంటదేటి వదినా అది, విభాగం అంటదేటి?" అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, కోపంతో.

ఒడ్డుకొచ్చాక హేమాద్రి ముందుకెళ్ళి నిలబడ్డాను. అతను తల వంచుకున్నాడు. "అలా జరగకూడదు. గడువు దాకా పాత పేర్లు ఉంచాలి. రాసి పంపుతాను" అన్నాడు.

"నువ్వు రాస్తా కూకో బాబూ. మావోడు బతికినాడు కాబట్టి సరిపోయింది."

రాత్రి అతనికి దుప్పటి ఇవ్వలేదు. తర్వాత చెల్లి ఇచ్చిందట. దానికి మెతకదనం ఎక్కువ.

నమోదు 4122
పొద్దున పేర్లు రెండుసార్లు చదివాను. విభాగాల సంఖ్యలు ఒక్కటీ చదవలేదు.

హేమాద్రి సీసాలు అయిపోయాయి. గుమ్మం దగ్గర నిలబడి మా కుండవైపు చూస్తున్నాడు. మంచి నీళ్ళు అడగడానికి కూడా నిబంధన వెతుక్కునేలా ఉన్నాడు. చెంబు ముంచి ఇచ్చాను. ఆగకుండా తాగి, మళ్ళీ ముంచమన్నాడు.

"తియ్యగా ఉన్నాయి" అన్నాడు.

"ఎవరివీ కాని నీళ్ళు కదా బాబూ, అలాగే ఉంటాయి."

నమోదు 4125
తాళ్ళు వస్తున్నాయి. నల్లిసుక వాళ్ళు పాత వలలు విప్పి పేనారు. బొగ్గులరేవు తాడు బొగ్గు వాసన. ఎర్రదిబ్బ వాళ్ళది కొత్తది, గట్టిది, వాళ్ళ గొప్పలూ అంతే గట్టివి. చలిరాయి ఊరి తాడు స్వయంగా పట్టుకొచ్చింది పాంగి సుక్రి మామ్మ. తొంభై నాలుగేళ్ళు. నడుం వంగి నేలని చూస్తూ నడుస్తుంది. కొండ కూలినప్పుడు ఆమెకి ఇరవై మూడు.

"నలభై ఎనిమిది బారలూ నా సేతుల్తోనే కొలిసినాను. బార బారకీ ఎర్రదారం కట్టినాను. ఎంచుకో" అంది.

ఎంచాను. నలభై ఎనిమిది ఎర్రదారాలు. మిగతా ఏడు తాళ్ళవీ ఎంచాను. ఎక్కడా ఒక్కటి తగ్గలేదు. గవరయ్య ముడులు వేశాడు. నీటిలో మునిగొచ్చిన వేళ్ళు ఇంకా వాచే ఉన్నాయి, అయినా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

నమోదు 4126
విసురు గాలి. పడవ తీయలేదు. పొద్దుటి నుంచీ మైనం పిసుకుతూ కూర్చున్నాను. రేపొక్కటే ఉంది.

నమోదు 4127
నిమ్మళం. మట్టం గుర్తురాయికి జానెడు కింద. ఈరోజే.

ఇది పడవలో కూర్చుని, వీలు దొరికినప్పుడల్లా కొంచెం కొంచెం రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర.

పొద్దున ఎనిమిదికి నడిమి నీటికి చేరాం. మా పడవలో నేను, గవరయ్య, సుక్రి మామ్మ. రానివ్వకపోతే ఈదుకుంటూ వస్తానంది మామ్మ, రాగలదు కూడా. పక్కన హేమాద్రి పడవ. అతని యంత్రం తెర మీద అడుగూ కనిపిస్తుంది, దిగుతున్న గుండూ కనిపిస్తుంది. చుట్టూ ఎనిమిది ఊళ్ళ పడవలు ఎనభై దాకా ఉంటాయి.

గుండు వదిలాను. పడవ అంచున బిగించిన చక్రం మీంచి తాడు జారుతూ పోయింది. నల్లిసుక తాడు అయింది. పెంకుల మడుగు తాడు అయింది. మధ్యాహ్నానికి ఏడు వెళ్ళాయి. ఒంటిగంటకి చలిరాయి తాడు కూడా చివరికొచ్చింది. సుక్రి మామ్మ కట్టిన ఆఖరి ఎర్రదారం నా బొటనవేలి కింద ఆగింది. తాడు ఇంకా బిగిసే ఉంది. అడుగు తాకలేదు.

హేమాద్రి తెర చూసి మెల్లగా అన్నాడు. "గుండు ఐదు వందల యాభై రెండు దగ్గర ఉంది. ఇంకా యాభై రెండు మీటర్లు."

"అవదు. ఎంచినాను. మూడొందల ఎనభై నాలుగు."

అప్పుడు నా ఎడమ చేత్తో తాడు పట్టుకుని కుడిచెయ్యి చాపాను, ఎర్రదారం నుంచి ఎర్రదారం దాకా. నా వేళ్ళు దారం దాటి పోయాయి. ఇంకో బార చూశాను. అదీ అంతే. తలెత్తి సుక్రి మామ్మని చూశాను. వంగిన నడుం, ముడుచుకున్న భుజాలు, చాచితే చాలీ చాలని మోచేతులు.

ఊళ్ళో తాడు కొలిచే గౌరవం అందరికన్నా పెద్దవాళ్ళదే. ఎనిమిది ఊళ్ళలోనూ అంతే. ఎనిమిది మంది ముసలివాళ్ళు, ఎనిమిది వంగిన వెన్నులు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి బార వాళ్ళు నిజాయితీగా కొలిచారు. నేనే దారాలు ఎంచాను గానీ చేతులు చూడలేదు. పదకొండేళ్ళుగా తాడు వేస్తున్నదాన్ని!

"నా సేతులు సిన్నయంటావేటి?" అంది మామ్మ. "ఈ సేతుల్తోనే నీకు పురుడు పోసినాను."

"నీ సేతులు కాదు మామ్మా. నా బుర్ర సిన్నది."

గవరయ్య పడవ అంచు మీద కూలబడ్డాడు. ఊళ్ళకి వెళ్ళి తాడు తేవాలంటే రానూపోనూ ఐదు గంటలు. పొద్దు అంతసేపు ఆగదు. చుట్టూ పడవల వాళ్ళు లంగర్లకి రాళ్ళూ వెదురుబద్దలూ వాడతారు, మూరెడు తాళ్ళే.

హేమాద్రి కాగితం తీశాడు. "నన్ను క్షమించండి. రాయక తప్పదు."

కాగితం మీద కలం పెట్టే ముందు గొంతు తడుపుకోవడానికి పక్కకి వంగి దోసిలితో సరస్సు నీళ్ళు తాగాడు, మాలో ఒకడిలా, చూసుకోకుండా. ఆ దోసిలి చూడగానే నాకు మొదటి పుట గుర్తొచ్చింది.

"బాబూ, నీ లంగరు తాడు ఎంత?"

"అరవై మీటర్లు. ఎందుకు?"

"ఇప్పు."

"అది ప్రభుత్వానిది అమ్మా. మీ ఆచారం ప్రకారం ఊళ్ళ తాళ్ళే వాడాలి."

"మా ఆచారం నకలు నీ సంచీలో ఉంది కదా, తీసి సదువు. మొదటి పుట, రెండో ముక్క."

తీశాడు. చదివాడు. "ఆ నీరు తాగే ప్రతి ఊరి తాడూ అందులో ఉండాలి." ఆగాడు. మళ్ళీ చదివాడు.

"ఆరు రోజుల బట్టి ఈ నీళ్ళే తాగుతున్నావు. ఇందాక కూడా తాగినావు. నీదే ఊరు?"

"మిట్టపట్నం."

"నీ ఊరి తాడు లేకుండా ఎలా తాకుతాది? తొమ్మిదో తాడు అడగడం మరిసిపోనాం. తప్పు మాదే. ఇప్పుడు అడుగుతున్నాను."

అతను నా ముఖం చూశాడు, తర్వాత ఎనభై పడవలనీ చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "లంగరు లేకపోతే రేవులో నా పడవ కొట్టుకుపోతుంది" అన్నాడు.

"మేం పట్టుకుంటాంరా నాయినా!" అని ఎర్రదిబ్బ వాళ్ళెవరో అరిచారు. అప్పటికే పది చేతులు అతని పడవ అంచు పట్టుకున్నాయి.

అతను వంగి లంగరు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి రాలేదు. పళ్ళతో లాగాడు.

గవరయ్య వాచిన వేళ్ళతో తొమ్మిదో ముడి వేశాడు. నారింజరంగు తాడు, మా తాళ్ళ పక్కన పెళ్ళివారింటి బట్టలా మెరిసిపోతోంది. అది మెల్లగా వదిలాను. పది మీటర్లు. ముప్పై. యాభై ఒకటి. హేమాద్రి యంత్రం చూడటం మానేసి నా చేతులే చూస్తున్నాడు.

తాడు వదులైంది.

అది ఎలా ఉంటుందో రాయడం నాకు రాదు. అంత బరువూ ఒక్కసారిగా చేతిలోంచి వెళ్ళిపోయింది. నేను "తాకింది" అన్నానట. నాకు గుర్తులేదు. పడవల్లోంచి లేచిన అరుపు మాత్రం గుర్తుంది.

పైకి లాగడానికి రెండున్నర గంటలు పట్టింది. చక్రం దగ్గర మనిషి తర్వాత మనిషి మారారు. హేమాద్రి కూడా తిప్పాడు, అరచేతులు బొబ్బలెక్కాయి. పొద్దు పడమటి కొండ మీద బెత్తెడు ఉండగా గుండు పైకొచ్చింది. తిరగేసి మైనం చూశాను.

మన్ను. అంతే. చేపా లేదు, పెంకూ లేదు.

"ఒట్టి మన్నేనేటి?" అన్నాడు గవరయ్య.

గోటితో మెల్లగా గీశాను. పొరలున్నాయి. పైన నల్ల ఇసక. దాని కింద ఎర్రటి పొర, అది ఎర్రదిబ్బది, ఎక్కడున్నా గుర్తుపడతాను. బొగ్గు నలుసులు. పెంకు పొడి. అందులోనే చీమ తలంత చోడిగింజ ఒకటి, డెబ్భై ఏళ్ళ కిందటి పొలంది. ఎనిమిది చేతుల్లోంచి జారిన మన్నంతా జారి జారి ఇక్కడికే చేరింది.

సుక్రి మామ్మ వేలు పెట్టి చూసింది. "ఇది మా సేను" అంది. ఏ పొర తనదో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"పేరు చెప్పండి" అన్నాడు హేమాద్రి, కలం పట్టుకుని. "పొద్దు దిగుతోంది."

"అందరిమన్ను."

రాశాడు. తర్వాతి గడి దగ్గర ఆగాడు. హక్కుదారులు అనే గడి. అందులో ముందే "ఎవరూ లేరు" అని అచ్చువేసి ఉంది. దాన్ని కొట్టేసి ఊళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాడు. మూడు ఊళ్ళకే గడి నిండిపోయింది.

"పట్టడం లేదు."

"పట్టకపోతే కాగితం అతికించు. నిన్నటిదాకా ఈ గడిలో మేం ఎవరమూ నేము. ఈరోజు తొమ్మిది ఊళ్ళమున్నాం."

"ఎనిమిది కదా?"

"నీ ఊరు రాయవేటి? తాడిచ్చినాక మీదీ వాటాయే. మీవోళ్ళకి దాహమేస్తే వొచ్చి అడగమను, ముంచి పోస్తాం. సొరంగంలోంచి ఎత్తుకుపోతామంటే మాత్రం ఆ తూము మీద నానే కూకుంటాను."

అతను సంచీలోంచి ఇంకో కాగితం తీసి కింద అతికించాడు. తొమ్మిదో వరుసలో మిట్టపట్నం అని రాసి, దాని పక్కన సంతకం పెట్టాడు. పొద్దు కొండ వెనక్కి పోయింది.

నమోదు 4128
గాలి దక్షిణం నుంచి, మెల్లగా. మట్టం గుర్తురాయికి జానెడు కింద.

తెల్లవారుతుండగా హేమాద్రి వెళ్ళాడు. లంగరు తాడు అడగలేదు. పైవాళ్ళకి ఏం రాస్తావని అడిగాను. "తాడు సరస్సులో వాడుకలో ఉంది అని రాస్తాను. అబద్ధం కాదు కదా" అన్నాడు. రెండు చెంబుల నీళ్ళు సీసాల్లో పోసుకుని పోయాడు.

పటాల సంస్థ ఊరుకుంటుందని నేను అనుకోవడం లేదు. మళ్ళీ వస్తారు, ఇంకో నిబంధన పట్టుకుని. రానీ. నడిమి నీటి లోతు నా చేతులతో మూడు వందల డెబ్భై ఏడున్నర బారలు. పక్కనే సుక్రి మామ్మ చేతులతో ఎంతో కూడా రాస్తున్నాను: నాలుగు వందల ఇరవై. రెండూ నిజమే. ఇకమీదట కొలిచింది ఎవరి చేతులో ఈ పుస్తకంలో రాయాలి.

ఆరింటికి రేడియో తెరిచాను. నల్లిసుక, పెంకుల మడుగు, ఎర్రదిబ్బ, చోడిమడి, వెదురుమొదళ్ళు, బొగ్గులరేవు, గాజుముక్క. అలవాటు కొద్దీ అక్కడ ఊపిరి ఆగింది. ఆ ఆగిన చోట పేరు చదివాను.

"అందరిమన్ను, నిమ్మళం."

రేడియోలో గరగరమని చప్పుడు. తర్వాత చలిరాయి నుంచి సుక్రి మామ్మ గొంతు. "ఇనపళ్ళేదు. మళ్ళీ సదువు."

వినబడిందని నాకు తెలుసు. మళ్ళీ చదివాను.